కల్లం మీద బూట్లు

"సీడు లేదండీ! సీడు లేకుండానే రష్యాది దుమ్ము లేపుతోంది!"

ఈ మాట నేను ఫోనులో అన్నాను. నేను ఫోనులో అంటే అవతలివాళ్లకి ఫోను అక్కర్లేదు. ఎరువులు నా వ్యాపారం, అరుపులు నా స్వభావం. జగ్గయ్యపేటలో విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్ముకునే మనిషి మే నెలాఖర్లో కొట్టు ముందు నిలబడి, నాలాంటి గొంతుతో 'సీడు' అనకూడదు. పెళ్లిపందిట్లో 'వడ్డించేశారు' అని అరవడంతో సమానం అది. అవసరమున్నవాడే కాదు, విన్న ప్రతివాడూ లేస్తాడు.

లేచినవాడు వరప్రసాదరావు బాబాయ్. వత్సవాయి రైతు. పత్తి గింజల కోసం వచ్చి, వత్సవాయి బస్సు వచ్చేదాకా నా కొట్టు బల్ల మీద నడుం వాల్చాడు.

"రష్యా సీడా? మిరపా, పత్తా?" అన్నాడు కళ్లు పెద్దవి చేసి.

ఫోనులో ఉన్నది సొలొమోను మాస్టారు. నందిగామలో వ్యాయామం టీచరు, మా అమ్మాయి నీహారికకి టెన్నిస్ గురువు. పారిస్ టోర్నమెంటులో జోయా వెత్లుగినా అనే పద్దెనిమిదేళ్ల రష్యా పిల్ల మొదటి రౌండులోనే అయిదో సీడుని, అంటే గెలుపు గుర్రాల్లో అయిదో నంబరుని, మట్టి కరిపించిందని ఆయన ఆనందం పట్టలేక చెబుతున్నారు. ఒక చెవిలో ఆయన, ఇంకో చెవిలో బాబాయ్. నేనేమో ఇద్దరికీ కలిపి ఒకే నోటితో జవాబు చెబుతున్నాను.

"ఎర్రమట్టిలో బ్రహ్మాండం బాబాయ్!"

"మన ఎండలకి తట్టుకుంటదంటావా?"

"అసలు జంకట్లేదు."

"తెగుళ్లో?"

"ఇంతవరకూ ఏదీ అంటలా."

"ఎన్నాళ్లది?"

"పద్దెనిమిదేళ్లది."

బాబాయ్ గడ్డం నిమురుకున్నాడు. "పద్దెనిమిదేళ్లు కూర్చుని తయారుజేశారంటే ఊరికే పోద్దా! రష్యావోళ్లు మొండోళ్లబ్బాయ్. నాకో రెండు పాకెట్లు పక్కన పెట్టు" అని చెప్పులు తొడుక్కున్నాడు. నిజం చెబుదామని నేను నోరు తెరిచేసరికి బస్సు వచ్చింది. పరిగెత్తి ఆపొచ్చు. కానీ తన కాళ్ల మీద తానే నడిచొచ్చిన జోకుని నా చేతులతో నేను చంపుకోలేను. ఆ బస్సు ఎక్కింది బాబాయ్ ఒక్కడే కాదు, రష్యా సీడు కూడా.

బయట అది జోకు. మా ఇంట్లో మాత్రం ఆ పిల్ల గెలవడం జోకు కాదు. జోయా ఎన్నాళ్లు గెలిస్తే అన్నాళ్లే మా నీహారిక ఆట. ఆ ఒప్పందం ఎలా కుదిరిందో చెబుతాను.

నందిగామలో సిమెంటు టెన్నిస్ కోర్టున్న క్లబ్బు ఒకటే. పెళ్లిళ్ల సీజనులో దాని మీద షామియానా లేస్తుంది. బంతులు ఆడాల్సిన చోట బంతులు వేస్తారు. సర్వీసు చేసేది వంటవాళ్లు, రిటర్ను చేసేది కడుపు నిండినవాళ్లు. మా పిల్ల ఎక్కడ ఆడాలి? ఉగాది నాటికి రోడ్డు పక్క చేలో మా మిరప కల్లం ఖాళీ అయింది. అక్కడ మొదలుపెట్టించాను.

కల్లం మా నాన్న రత్తయ్యది. కల్లం ఆయనది అనడం కంటే ఆయనే కల్లానికి చెందినవాడు అనడం సబబు. చుట్టుపక్కల అందరూ టార్పాలిన్ పట్టాలు పరిచి మిరపకాయ ఆరబోసుకుంటుంటే, ఈయన ఏటా చేలో కొంత నేల చదునుచేసి, తడిపి, రోలరు తిప్పి, పేడతో అలికి కల్లం చేస్తాడు. పట్టా మీద ఆరిన కాయకి రంగుంటుంది కానీ రోషం ఉండదంటాడు. ఏరువాక రాగానే దాన్నీ చేలో కలిపి దున్నేస్తాడు, మళ్లీ డిసెంబర్లో మొదలు. ఆ కల్లం మీద చెప్పు కాలు పడకూడదు. లక్ష్మి ఆరే చోట చెప్పులేంటని ఆయన వాదన. కలెక్టరొచ్చినా మా నాన్న చెప్పేదొకటే, చెప్పులు విప్పమని.

కాబట్టి నీహారిక ఆ వేసవంతా వట్టికాళ్లతో ఆడింది. మే మొదట్లో విజయవాడలో రాష్ట్ర శిబిరానికి ఎంపికలు జరిగితే బూట్లేసుకుని దిగింది. బంతి దగ్గరికి జారబోయి, జారలేక, చీలమండ మడతపడి మొదటి ఆటలోనే ఓడిపోయింది. "బూట్లు పాతవేనండీ, కాళ్లే కొత్తవైపోయాయి" అన్నారు సొలొమోను మాస్టారు. జూన్ ఆఖర్లో మళ్లీ ఎంపికలున్నాయని కూడా అన్నారు.

మా ఆవిడ ఉషశ్రీ నందిగామ స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ ఇంకో లెక్క వేసింది. పదో తరగతి విజయవాడ హాస్టల్లో. అప్లికేషన్ తెచ్చింది, ఫొటో అతికించింది. ఆ హాస్టలు గోడ నిండా ఆకాశంలోకి ఎగిరే రాకెట్టు బొమ్మ ఉంటుంది, లోపలికి మాత్రం రాకెట్టు రానివ్వరు.

పారిస్ పోటీలు మొదలయ్యే ముందు రోజు భోజనాల దగ్గర నీహారిక అడిగింది.

"అమ్మా, నేను హాస్టల్‌కి వెళ్తా. కానీ జోయా ఓడిపోయేదాకా ఆడుకోనియ్యి. ఓడిన రోజు నా చేత్తో నేనే రాకెట్ అటక మీద పెడతా."

"ఎవరా జోయా?"

"రష్యా. నాకు ఇష్టం."

ఉషశ్రీ నా ఫోను లాక్కుని పోటీల పట్టిక చూసింది. జోయాకి సీడింగ్ లేదు. మొదటి రౌండులో ఎదురుపడేది అయిదో సీడు. లెక్కల టీచరు పెదవుల మీద చిన్న నవ్వు. "సరే. మాటంటే మాటే" అంది. సోమవారం సాయంత్రానికల్లా అటక ఎక్కేస్తుందనుకుంది.

సోమవారం సాయంత్రం అయిదో సీడు విమానం ఎక్కేసింది.

*

రెండో రౌండు సమయానికి మా హాల్లో టీవీ ముందు సీట్లు ఖరారయ్యాయి. నేల మీద నీహారిక, సోఫాలో నేను, వంటగది గుమ్మంలో 'నేనేం చూడట్లేదు' అన్నట్టు ఉషశ్రీ. మొదటి సెట్టు జోయా ఓడిపోతే మా ఆవిడ సెట్టయ్యేది, రెండోది గెలిస్తే అప్‌సెట్టయ్యేది. నా వ్యాఖ్యానం సరేసరి.

"అదిగో జోయా! జో కొట్టి పడుకోబెట్టేసింది అవతలి పిల్లని! వెతలన్నీ ఎదుటివాళ్లకిచ్చే వెత్లుగినా!"

"నాన్నా, నువ్వు కాస్త మ్యూట్‌లో ఉండవా?" అంది నీహారిక.

మూడో రౌండు నాడు మా నాన్న చేలోంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని వెనక నిలబడ్డాడు. క్రికెట్ తప్ప ఏ ఆటా ఆయనకి ఆనదు.

"అందరి పేర్ల పక్కనా జెండా ఉంది. ఈ పిల్లకి లేదేంట్రా?"

"రష్యావాళ్లకి ఇప్పుడు జెండా వేయట్లేదు నాన్నా. యుద్ధం గొడవ."

"మీరంటున్న ఆ సీడు?"

"అదీ లేదు."

"జెండా లేదు, సీడు లేదు. మరేముందిరా ఈ పిల్లకి?"

"బ్యాక్‌హ్యాండుంది తాతయ్యా" అంది నీహారిక కళ్లు తిప్పకుండా.

అప్పుడే జోయా కోర్టు ఆ చివరికి పోయే బంతి కోసం పరిగెత్తింది. పరిగెత్తి, ఆఖర్లో పరుగు మానేసి, ముందు కాలు చాపి, వెనక కాలు ఈడ్చుకుంటూ సర్రున జారింది. ఎర్రదుమ్ము లేచింది. బంతి గీత మీద పడింది. స్టేడియం అంతా లేచింది.

మా నాన్న కూర్చున్నాడు. "మళ్లీ వేయి" అన్నాడు.

"అది లైవ్ నాన్నా…"

టీవీవాళ్లే మళ్లీ వేశారు, నెమ్మదిగా. మా నాన్న ముందుకు వంగాడు.

"కాయ తిప్పుతందిరా!"

ఆ మాట మా ఇంట్లో నలుగురికీ అర్థమైంది. కల్లం మీద పోసిన మిరపకాయని రోజూ తిప్పాలి. చేతుల్తో కాదు. కాయలోకి పాదం దూర్చి, ఎత్తకుండా, చాళ్లు చాళ్లుగా ఈడ్చుకుంటూ పోవాలి. ఎత్తితే కాయ చిట్లుతుంది, తొక్కితే గింజ రాలుతుంది. బరువంతా ఒక కాలి మీద ఉంచి రెండో కాలుని ఈడ్చడం అనేది నడవడం నేర్చినప్పటినుంచీ నీహారికకి తెలుసు. తాతయ్య వెనకే ఆ చాళ్లలో తిరిగింది.

"ఈ పిల్ల కల్లం తొక్కిందిరా. వాళ్లదీ మిరపేనా?"

"కాదు తాతయ్యా. ఏదో మూతపడ్డ మిల్లు షెడ్డులో నేర్చుకుందంట. బయటంతా మంచేగా వాళ్లకి."

"ఎక్కడ నేర్చుకుంటేనేం. కాలు తెలిసిన పిల్ల." అని, ఆ పిల్ల కాళ్ల వంక చూసి, "బూట్లేసుకుందే!" అన్నాడు. కల్లం మీద చెప్పుల జత చూసినప్పటి గొంతు అది.

"కోర్టులో అందరూ వేసుకోవాలి తాతయ్యా. నాకు రానిది అదే. బూట్లేసుకుంటే ఆగడం వస్తంది, జారడం రావట్లా."

మా నాన్న తువ్వాలు దులుపుకుని అన్నానికి లేచాడు.

*

కల్లం మీద ఆట ఎలా ఉండేదో చెప్పాలి. నర్సరీలకి అమ్మే పచ్చ షేడ్‌నెట్టు మధ్యలో కట్టాను. అదే మా నెట్టు. గీతలు ముగ్గుపిండితో నేనే వేశాను. అవతల సర్వీసుకి ఎదురు నిలబడేదీ నేనే. నా పొట్ట మీదికొచ్చిన బంతి ఏదైనా దానంతటదే తిరిగి వెళ్లేది కాబట్టి నన్ను గోడలా వాడుకుంది మా పిల్ల. మిరప ఘాటు నేలలో ఇంకా ఉంది. దుమ్ము లేస్తే ఇద్దరం తుమ్ముకుంటూ ఆడేవాళ్లం.

జోయా మూడో రౌండు గెలిచిన మర్నాడు ఉషశ్రీ క్యారేజీ తీసుకుని చేలోకి వచ్చింది. క్యారేజీ కింద పెట్టి, నడుం మీద చెయ్యేసి, నా గీతల వంక చూసింది.

"ఏవండీ, ఇదేంటి?"

"కోర్టు."

"ఏ మూలా తొంభై డిగ్రీలు లేదు. ఇది సమాంతర చతుర్భుజం కూడా కాదు. దీనికి మా పుస్తకంలో పేరే లేదు."

"బంతికి జామెట్రీ రాదులేవోయ్."

"నాకొచ్చుగా!" అని చెప్పులు విప్పి కల్లం ఎక్కింది. తాడు అడిగింది, టేపు అడిగింది. మూడు, నాలుగు, అయిదు కొలతలతో ముడులు వేసి మూలమట్టం పెట్టి, నా గీతలన్నీ కాలితో చెరిపేసి, వంగిన నడుం ఎత్తకుండా కోర్టంతా గీసింది. ముగ్గు ఆవిడ చేతిలోంచి దారం జారినట్టు జారింది. పెళ్లయిన ఇన్నాళ్లలో మా ఆవిడని నేను ముగ్గులోకి దించగలిగింది ఆ ఒక్కసారే.

"కూతురు ఆడటం నీకిష్టం లేదుగా?" అన్నాను.

"ఆడితే ఆడింది. తప్పు బొమ్మలో ఆడకూడదు."

ఆ ఆదివారం సొలొమోను మాస్టారు నందిగామ నుంచి స్కూటరు మీద వచ్చారు. కల్లం అంచున బూట్లు విప్పి, మేజోళ్లు అందులో దోపి, పాతికేళ్లుగా ఈల ఊదిన గొంతుతో నీహారికని అటూ ఇటూ పరిగెత్తించారు. అయ్యాక మా నాన్న దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నారు.

"పెద్దాయనా, ఇట్టాంటి నేల విజయవాడలో కూడా లేదండి. ఒక్క మనవి. అమ్మాయిని బూట్లతో ఆడనిస్తే…"

"మాస్టారూ, మీరు చర్చిలోకి చెప్పులతో పోతారా?"

మాస్టారు నిజం చెప్పే మనిషి. "లేదండి. మేమూ గుమ్మంలోనే విప్పుతాం."

"మరి!"

అంతటితో కేసు కొట్టేశారు. కోర్టు మా సొంతమై ఉండి కూడా కోర్టుకెక్కే అవకాశం మాకు లేకపోయింది.

*

ఇటు జోయా క్వార్టర్‌ఫైనల్ గెలిచింది. అటు రష్యా సీడు విజయవాడ దారిలో కీసర దాటింది.

రోజూ ఎవరో ఒకరు కొట్టుకి వచ్చేవారు. ముందు వేరే ఏదో అడిగేవారు, పక్కవాళ్లు వెళ్లేదాకా ఆగేవారు, తర్వాత గొంతు తగ్గించి 'అది ఉందా?' అనేవారు. రెడ్డిగూడెం నుంచి ఒక రైతు కొడుకుని వెంటేసుకుని వచ్చాడు. నేను పరమ సత్యం చెప్పాను.

"అది విత్తనం కాదండి. టెన్నిస్. ఆట. ఒక అమ్మాయి."

ఆయన నా వంక జాలిగా చూశాడు. "మీవాళ్లకి ఇస్తన్నావ్, మాకు లేదంటన్నావ్. అంతేగా?"

"ఒట్టండీ!"

"ఒట్టు కూడా పెడతన్నాడు చూడరా" అన్నాడు కొడుకుతో. "సరుకు అంత మంచిదన్నమాట."

బతుకంతా అబద్ధాన్ని నిజంలా చెప్పి నవ్వించినవాణ్ని. నిజం చెప్పేసరికి జనం నవ్వి వెళ్లిపోతున్నారు. వరప్రసాదరావు బాబాయ్ అయితే ఫోన్ చేసి, "అబ్బాయ్, మీ నాన్న కల్లం చుట్టూ పచ్చనెట్టు కట్టారంటగా. మన వైపు ముందు మీరే వేస్తన్నారా? కానివ్వండి. చూసి నేర్చుకుంటాం" అన్నాడు.

సెమీఫైనల్ కూడా గెలిచింది జోయా. ఉషశ్రీ ఫోనులో మళ్లీ పట్టిక చూసింది. హాస్టల్‌కి కొన్న ట్రంకుపెట్టె గదిలో తలుపు వెనక ఉంది. దాని మీద నీహారిక మురికి మేజోళ్లు ఆరేసి ఉన్నాయి. తీయమని ఆవిడ అనలేదు.

*

ఫైనల్ శనివారం సాయంత్రం. మా నాన్న పగలే రోలరు పని ముగించుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పెళ్లిచూపులకి వచ్చినవాడిలా.

"ఇవాళ మన జోయమ్మకి ఎవరు?"

"రెండో సీడు తాతయ్యా."

మొదటి సెట్టు జోయాది. నేను లేచి గంతేస్తే ఫ్యాను తగులుతుందని ఉషశ్రీ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. రెండో సెట్టు పోయింది. మూడోదానిలో చివరిదాకా వచ్చి, జోయా కొట్టిన బంతి నెట్టు అంచుకి తగిలి, అంచు మీద కాసేపు ఆలోచించి, ఇటే పడింది.

జోయా ఓడిపోయింది.

జోయా నెట్టు దగ్గరికి నడిచి వెళ్లి గెలిచినామెని కావలించుకుంది. కుర్చీలో కూర్చుని తువ్వాల్లో ముఖం పెట్టుకుంది. తీసేసరికి నవ్వుతోంది. మైకులో ఏదో అంది. వచ్చే ఏడు మళ్లీ వస్తానందని అనువాదకుడు చెప్పాడు. స్టేడియం అంతా నిలబడి చప్పట్లు కొట్టింది.

"ఓడిన పిల్లకి ఇంత ఊరేగింపేంట్రా?" అన్నాడు నాన్న.

"ఇంతదాకా వచ్చిందిగా నాన్నా. ఇకనుంచీ ఎక్కడికెళ్లినా ఆ పిల్లకి సీడుంటుంది."

నీహారిక లేచింది. వెనక గదిలోంచి స్టూలు తెచ్చుకుంది. రాకెట్టుకి గుడ్డ చుట్టి, ఎక్కి, అటక మీద బిందెల వెనక పెట్టింది. దిగి స్టూలు మళ్లీ యథాస్థానంలో పెట్టింది. ఏడవలేదు. మా ఇంట్లో ఆట అటకెక్కిందని అనడానికి నాకు అంతకన్నా మంచి సందర్భం దొరకదు. అనలేకపోయాను.

"మాట నిలబెట్టుకుందండీ" అంది ఉషశ్రీ, నాతో కాదు, గోడతో అన్నట్టు.

*

సోమవారం వాన దంచింది. మంగళవారం తెల్లారేసరికి నేల పదునెక్కింది. ఏరువాక. నాన్న ట్రాక్టరుకి కబురుపెట్టాడు. అందరం కారులో చేలోకి వెళ్లాం. మా ఇంట్లో మొదటి చాలు వేసేటప్పుడు అందరూ ఉండాలి, అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మర్నాడే హాస్టల్ ప్రయాణం.

ట్రాక్టరు డ్రైవరు ఎడ్విన్ పసుపు బొట్టు పెట్టనిచ్చి, కొబ్బరికాయ కొట్టాక ఇంజను ఎక్కాడు. ఏటా దున్నేవాడే. కల్లం వైపు గొర్రు తిప్పి, మామూలుగా అడిగే మాటే అడిగాడు.

"కల్లం కూడా కలిపేయనా పెద్దాయనా?"

నాన్న కల్లం వంక చూశాడు. వానకి ముగ్గు గీతలు కరిగి తెల్లటి చారలు మిగిలాయి. నెట్టు తడిసి వేలాడుతోంది.

"చుట్టూ తిప్పు" అన్నాడు.

"అంటే?"

"కల్లం వదిలి, చుట్టూరా తిప్పు. ఓ నాలుగు బారలు ఎడం ఉంచు. పరిగెత్తాలిగా."

ఎడ్విన్ గేరు మీంచి చెయ్యి తీసేశాడు. "మరి కాయ ఎక్కడ పోస్తారు?"

"పట్టాలేసి పోస్తా. ఊరంతా పోయట్లేదా?" అని కసురుకుని, మనవరాలి వైపు తిరిగాడు. "బూట్లేవే?"

నీహారికకి అర్థం కాలేదు. "ఇంటి దగ్గరున్నాయి తాతయ్యా."

"తెచ్చుకో. ఆరాక రోలరు తిప్పుతా. ఏసుకుని ఎక్కు. ఇది ఇంక కల్లం కాదు."

నీహారిక తల్లి వంక చూసింది. ఉషశ్రీ కారు దగ్గరికి నడిచింది. డిక్కీ తెరిచింది. అందులోంచి ముగ్గుడబ్బా తీసింది, టేపు తీసింది, బూట్లు తీసింది, గుడ్డ చుట్టిన రాకెట్ తీసింది. పొద్దున్నే ఆ స్టూలు ఎవరెక్కారో నేను అడగలేదు.

"అమ్మా, మరి మాట?"

"ఏమన్నావ్ నువ్వు? ఓడిన రోజు అటక మీద పెడతానన్నావ్. పెట్టావ్. ఎన్నాళ్లు ఉంచాలో లెక్కలో ఇవ్వలేదుగా." ముగ్గుడబ్బా మూత తీస్తూ నెమ్మదిగా అంది. "టెన్త్ నందిగామలోనే చదువు. లెక్కలు నేను చెప్తా. మార్కులు తగ్గాయంటే మాత్రం అంపైరు నేనే." తర్వాత నా వైపు తిరిగింది. "నించున్నారేంటండీ, టేపు ఆ కొస పట్టుకోండి."

నేను పట్టుకున్నాను. ఎడ్విన్ కల్లం చుట్టూ తిప్పాడు.

*

మధ్యాహ్నం దాకా ఎండ మండి, కల్లం పైపొర పొడిపొడిగా ఆరిపోయింది. నాన్న రోలరు తిప్పాడు, ఉషశ్రీ గీతలు మళ్లీ దిద్దింది. సాయంత్రానికి నల్లగా దున్నిన చేలో కల్లం ఒక్కటే నున్నగా, తెల్ల గీతలతో మిగిలింది. సొలొమోను మాస్టారు స్కూటరు దిగారు. అలవాటు కొద్దీ బూట్లు విప్పబోతే, "ఏసుకునే రండి మాస్టారూ" అన్నాడు నాన్న. మాస్టారు చాలాసేపు లేసులు కట్టుకుంటూ ఉండిపోయారు, తల ఎత్తకుండా.

అప్పుడు చేను పక్క రోడ్డు మీద ఆగింది వత్సవాయి బస్సు. ముందు వరప్రసాదరావు బాబాయ్ దిగాడు, తర్వాత ఆయన వెనక ఊరు దిగింది. రెండు ట్రాక్టర్లు ఆగాయి. మోటారుసైకిళ్ల మీద రెడ్డిగూడెం తండ్రీకొడుకులు. ఊరంతా ఏరువాక పనుల్లో ఉంటే, రత్తయ్యగారు నడిచేలో ఇంత ముక్క దున్నకుండా వదిలేసి, నెట్టు కట్టి, కోడలి చేత తెల్లమందు చల్లిస్తున్నారన్న వార్త వీళ్లందరినీ లాక్కొచ్చింది.

వచ్చినవాళ్లందరూ ఎవరూ చెప్పకుండానే కల్లం అంచున చెప్పులు విడిచారు. వరసగా బారులు తీరిన చెప్పులు. గట్టు మీద వట్టికాళ్లతో జనం. వాళ్లందరి మధ్య, కల్లం నడుమ, బూట్లేసుకుని మా పిల్ల.

"అన్నయ్యా!" బాబాయ్ గొంతులో బాధ. "పాప కల్లం మీద బూట్లేసుకుంటే చూస్తా ఊరుకున్నావేంటి? రష్యా సీడు ఏసేది ఇట్టాగేనా?"

మా నాన్న నా వైపు తిరిగాడు. "ఏ సీడు?"

జన్మలో మైకు పట్టుకుని కూడా అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు. బస్సు డ్రైవరు కూడా ఇంజను ఆపేశాడు.

"అందరూ వినండి! రష్యా విత్తనం లేదు! నా దగ్గర లేదు, రష్యాలో ఉందో లేదో నాకు తెలీదు! టెన్నిస్ ఆటలో గెలుస్తారని ముందే అనుకున్నవాళ్లకి ఒక నంబరు ఇస్తారు. దాన్ని సీడంటారు. రష్యా నుంచి ఒక పిల్ల వచ్చింది, పేరు జోయా. ఆ పిల్లకి సీడు లేదు. అయినా సీడున్నవాళ్లని ఒక్కొక్కళ్లని ఓడించుకుంటూ ఫైనల్ దాకా పోయింది. ఆ ముచ్చటే నేను ఫోనులో అరిచా. మా బాబాయ్ సగం విన్నాడు, నేను మిగతా సగం చెప్పలా. ఎర్రమట్టిలో బ్రహ్మాండం అన్నది ఆ పిల్లనే. పద్దెనిమిదేళ్లదీ ఆ పిల్లే!"

గట్టు మీద ముందు రెడ్డిగూడెం అబ్బాయి పకపకా నవ్వాడు. వాళ్ల నాన్న మాత్రం నవ్వలేదు. "మొన్న చెప్పింది నిజమేనా అయితే!" అన్నాడు నన్ను కొత్తగా చూస్తూ.

బాబాయ్ తల గోక్కున్నాడు. "నాకు తెలవక అడుగుతున్నా. సీడు లేకుండా అంత పంట ఎట్టా వచ్చింది?"

"పడి మొలిచింది ప్రసాదూ" అన్నాడు నాన్న. "గట్టు మీద పడి మొలిచిన మొక్కని చూళ్లా? నారు పోసినవాటికన్నా అదే గట్టిగా పాతుకుంటది."

ఆ మాట రైతులకి తగిలింది. నా ఉపన్యాసం కంటే అదే తొందరగా అర్థమైంది. తలలు ఊగాయి.

మాస్టారు ఈల ఊదారు. బంతి ఆ మూలకి విసిరారు. నీహారిక పరిగెత్తింది. ఆఖర్లో పరుగు మానేసింది, ముందు కాలు చాపింది, వెనక కాలు ఈడ్చింది. బూటు కింద మిరప దుమ్ము లేచింది. సర్రున జారి, నిలదొక్కుకుని, కొట్టింది. బంతి వాళ్లమ్మ గీసిన గీత మీద పడి ముగ్గు చిందింది.

గట్టు మీదవాళ్లందరూ ఒకేసారి తుమ్మారు.

కళ్లు తుడుచుకుంటూ బాబాయ్ నా పక్కకి వచ్చాడు. కాసేపు ఆటే చూశాడు.

"అబ్బాయ్, ఈ నెలాఖర్లో పోటీలంటగా. మరి మన పాపకి సీడుందా?"

"లేదు బాబాయ్."

"అయితే బెంగలేదులే" అని చెప్పులు వెతుక్కున్నాడు.